పిలకాయల ఆటకు లెక్క కట్టడం ఎట్లా? తిరుపతి వీధుల నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

"ఎంతమంది పిల్లలు వచ్చారు సార్?" ఆట ప్రాజెక్టుకు డబ్బు ఇచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది, "ఫోటోలు ఉన్నాయా?"

తిరుపతిలో కొర్లగుంట వైపు ఒక బడి ఆవరణను బుధవారం, ఆదివారం సాయంత్రాలు నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా తెరిపించాం. పాత టైర్లు, చీరలు, తాళ్ళు, అట్టపెట్టెలు, కొబ్బరిమట్టలు అక్కడ పడేసి మేము పక్కకు జరిగాం. మొదటి ఏడాదంతా ఆ రెండు ప్రశ్నలకే జవాబులు పోగేసుకున్నాం. రిజిస్టరు నిండింది. ఫోటోల్లో అందరూ నవ్వుతున్నారు. ఇంతకీ దీనివల్ల పిల్లలకు ఏం ఒరిగిందని ఎవరో నిలదీస్తే మా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వీధిలోనో, పార్కులోనో, అంగన్‌వాడీ ముందరి ఖాళీ జాగాలోనో ఇలాంటిది నడిపే టీచర్లు, కాలనీ సంఘాలు, చిన్న సంస్థలు వాడుకోవచ్చు. ఒక గడియారం, కాగితాలు, పెన్సిలు, ఓపికున్న ఇద్దరు మనుషులు ఉంటే సరిపోతుంది.

మెట్టు 1: మీరు నడిపేది ఆటేనా?

ముందు ఇది తేలాలి. బ్రిటన్‌లో పిల్లల ఆటస్థలాల్లో పనిచేసేవాళ్ళు 2005లో తమ వృత్తి సూత్రాలు రాసుకున్నారు. వాటి ప్రకారం ఏం ఆడాలో పిల్లలే ఎంచుకోవాలి, ఎలా ఆడాలో వాళ్ళే నడుపుకోవాలి, ఎందుకు ఆడుతున్నారో కారణం కూడా వాళ్ళ లోపలిదే కావాలి. బహుమతి కోసమో టీచరు మెచ్చుకోలు కోసమో ఆడేది ఈ లెక్కలోకి రాదు.

నేను వాడే పరీక్ష ఇంకా చిన్నది. పెద్దవాళ్ళు పది నిమిషాలు కనుమరుగైతే ఆగిపోయేది కార్యక్రమం, ఆగనిది ఆట. కబడ్డీ కోచింగు, డ్రాయింగు పోటీ కూడా మంచివే, కాకపోతే వాటిలో నైపుణ్యం పెరిగిందా అని చూడాలి. ఆటను ఆ తూకంతో తూచడం తప్పు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. మన దేశం 1992లో అందులో చేరింది. అంటే ఆట వల్ల లెక్కల మార్కులు పెరగకపోయినా మీ ప్రాజెక్టు ఫెయిలైనట్టు కాదు. మార్కులు పెంచుతామని ముందే మాట ఇచ్చేస్తే మాత్రం మీ మెడకు మీరే ఉరి వేసుకున్నట్టు.

మెట్టు 2: ఏం మారాలో ఒక్క వాక్యంలో రాయండి

మేము రాసుకున్నది ఇది: "మా వీధి చుట్టుపక్కల ఉండే 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇప్పటికన్నా ఎక్కువసేపు, తమకు నచ్చినట్టు, తోటివాళ్ళతో కలిసి బయట ఆడుకోవాలి."

ఏం కొలవాలో ఈ వాక్యమే చెబుతుంది. ఎవరు, ఎంతసేపు, ఎంత సొంతంగా, ఎవరితో: ఈ నాలుగు చాలు. ఆత్మవిశ్వాసం, సృజనాత్మకత, నాయకత్వం, భావోద్వేగ సమతుల్యత అని దరఖాస్తులో రాసిన జాబితాను ఇక్కడికి మోసుకురాకండి. ఒక్కోదాన్ని సరిగ్గా కొలవాలంటే ఒక్కో పీహెచ్‌డీ పడుతుంది.

మెట్టు 3: మొదలుపెట్టకముందే ఒకసారి కొలవండి

మా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఆవరణకు అంతకుముందు తాళం ఉండేది కాబట్టి "ముందు సున్నా, ఇప్పుడు పాతికమంది" అని సంబరపడ్డాం. ఆ పాతికలో చాలామంది అంతకుముందు పక్క సందులో ఆడుకుంటున్నవాళ్ళే. సందు ఖాళీ అయి బడి నిండింది, అంతే. కాబట్టి మీ స్థలంతో పాటు చుట్టూ రెండు మూడు వీధులనూ మొదటినుంచీ లెక్కలో పెట్టండి. వీలైతే ప్రాజెక్టు లేని ఇంకో వీధిలో కూడా అవే రోజుల్లో కొలవండి. మేము జీవకోన వైపు ఒక వీధిని పెట్టుకున్నాం. రెండుచోట్లా ఒకేలా మారితే ఆ మార్పు మీ గొప్ప కాదు.

ఇక క్యాలెండరు. మన ఊళ్ళో ఇది అందరినీ బోల్తా కొట్టిస్తుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లల రోజే తలకిందులవుతుంది. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటితే ఐదున్నరకు ముందు ఎవరూ గడప దాటరు. అదే నెలలో గంగమ్మ జాతర వచ్చిందంటే పిలకాయలంతా వేషాల మీదే ఉంటారు. ఆ వారం మీ ఆవరణలోకి పిట్ట కూడా రాదు, నిజానికి ఊరంతా ఆటే నడుస్తుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన. బ్రహ్మోత్సవాలప్పుడు లాడ్జీల్లో, హోటళ్ళలో పనిచేసే తల్లిదండ్రులకు షిఫ్టులు పెరుగుతాయి. చిత్తూరు వైపు అయితే మామిడి సీజనులో తల్లులు గుజ్జు ఫ్యాక్టరీల పనికి పోతే చంటివాళ్ళను చూసుకునే పని ఇంట్లో పెద్దపిల్ల మీద పడుతుంది.

అందుకని ఏప్రిల్‌లో కొలిచి నవంబరుతో పోల్చకండి. ఈ ఏడాది జులైలో కొలిస్తే మళ్ళీ జులైలోనే, అవే వారాల్లో కొలవండి. మేము ప్రతిసారీ రెండు బుధవారాలు, రెండు ఆదివారాలు తీసుకుంటాం. వాన పడిన రోజును కొట్టేసి పక్కన "వాన" అని రాస్తాం.

మెట్టు 4: పావుగంటకోసారి చూపు తిప్పండి

మొత్తం పనికి వెన్నెముక ఇదే. పార్కుల్లో జనం కదలికలను పరిశీలించడానికి అమెరికాలో తయారైన సోపార్క్ అనే పద్ధతి ఒకటుంది. పేరు గంభీరంగా ఉన్నా చేసేది సులభం. స్థలాన్ని నాలుగైదు ముక్కలుగా మనసులో గీసుకోండి: చెట్టు కింద, మెట్ల దగ్గర, గోడ వార, మధ్య మైదానం. పావుగంటకోసారి ఎడమనుంచి కుడికి చూపు ఒక్కసారి తిప్పుతూ, ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో టిక్కులు పెట్టండి. వెనక్కి తిరిగి చూడకూడదు. అప్పుడే దూకి వచ్చినవాణ్ణి మళ్ళీ చేర్చకూడదు.

కాగితం మీద కావలసిన గడులు ఇవే: ఆడపిల్ల లేదా మగపిల్లాడు, ఆరేళ్ళలోపు, ఆరు నుంచి పన్నెండు, ఆపైన, కూర్చున్నారా, నడుస్తున్నారా, పరుగూ దూకుడూ లాంటి గట్టి కదలికలో ఉన్నారా. వయసు అంచనాయే. అడగడానికి పోతే ఆట చెడుతుంది.

ఒక సాయంత్రం లెక్క ఎలా కడతారో చూద్దాం. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పావుగంటకొకటి చొప్పున తొమ్మిది చూపులు. వాటిలో వరుసగా 12, 16, 19, 21, 22, 21, 19, 17, 15 మంది కనిపించారనుకోండి. మొత్తం 162, తొమ్మిదితో భాగిస్తే సగటున 18 మంది. రెండు గంటలపాటు సగటున 18 మంది ఉంటే 36 పిల్ల-గంటలు. ఈ మాట మేము పెట్టుకున్నదే. కొంచెం మోటుగా ఉన్నా పనికొస్తుంది.

తలలు లెక్కపెడితే సరిపోదా అంటారు. ఒకరోజు బిస్కెట్లు పంచారు, 60 మంది వచ్చారు, పావుగంటలో వెళ్ళిపోయారు అనుకోండి. అది 15 పిల్ల-గంటలే. పై సాయంత్రం గేటు దాటి వచ్చింది 27 మందే అయినా 36 గంటలు ఆడారు. ఏది మేలైన రోజు? రిజిస్టరు మాత్రం బిస్కెట్ల రోజునే గొప్పదంటుంది.

ఈ ఒక్క అంకె నుంచి ఇంకొన్ని వస్తాయి. 36 గంటలను 27 మందికి పంచితే ఒక్కొక్కరు సగటున 80 నిమిషాలు ఉన్నట్టు. 162 టిక్కుల్లో 81 గట్టి కదలికలైతే ఆ 80 నిమిషాల్లో సగం, అంటే సుమారు 40 నిమిషాలు, ఒళ్ళు అలిసేలా ఆడారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాల మోస్తరు నుంచి గట్టి వ్యాయామం ఉండాలంటాయి. దానిలో మీ ఆవరణ ఆ రోజుకు ఎంత అందించిందో ఇప్పుడు చెప్పగలరు. అలాగే 162లో ఆడపిల్లల టిక్కులు 54 అయితే మూడో వంతు. ఖర్చు కూడా తేలుతుంది: నెలకు ఎనిమిది సాయంత్రాలు, 288 పిల్ల-గంటలు, నెల ఖర్చు 11,520 రూపాయలైతే గంటకు 40 రూపాయలు. డబ్బు ఇచ్చేవాళ్ళకు ఈ అంకె వెంటనే ఎక్కుతుంది.

నెలకోసారైనా ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్కపెట్టండి. ఒకరు 19, ఇంకొకరు 22 అంటే చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే 86 శాతం పొంతన. మేము 80 దగ్గర గీత గీసుకున్నాం. అంతకన్నా తగ్గితే కూర్చుని మాట్లాడుకోవాలి. మా ఇద్దరికీ ఒకసారి గొడవ ఎక్కడొచ్చిందంటే, టైరులో కూర్చుని దొర్లుతున్నవాడు కూర్చున్నట్టా, కదులుతున్నట్టా అని.

ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటిరోజు మా వాలంటీర్లు ఇద్దరు మెడలో ఐడీ కార్డులు, చేతిలో రాత అట్టలతో మైదానం మధ్యలో నిలబడ్డారు. ఐదు నిమిషాల్లో ఆట ఆగిపోయింది. ఒకడు పరిగెత్తుకొచ్చి, "సార్, నేను రెండుసార్లు గోడ దూకినా, రాసుకున్నారా?" అన్నాడు. ఇక చూస్కోండి, వాడి వెనక పదిమంది అదే గోడ దూకుతూ, దూకిన ప్రతిసారీ మా వైపు చూస్తూ. మూడు రోజుల లెక్క చెత్తబుట్టలో పడేశాం. తర్వాత నుంచి గేటు దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే అవ్వ పక్కన, మెట్టు మీద కూర్చుంటున్నాం. దొంగచాటుగా మాత్రం కాదు. అడిగినవాళ్ళకు కాగితం చూపించి, ఏం రాస్తున్నామో ఉన్నదున్నట్టు చెబుతాం. రెండో వారానికి మా మీద వాళ్ళకు ఆసక్తి పోయింది. మాకు కావలసిందీ అదే.

మెట్టు 5: ఆట లోపలికి చూడండి

ఎంతసేపు ఆడారో తెలిసింది. ఎలా ఆడారు? దీనికి బెల్జియంలోని లూవెన్‌లో పుట్టిన ఐదు మెట్ల కొలబద్ద ఒకటి బాగా పనికొస్తుంది. ఒక పిల్లను రెండు నిమిషాలు గమనించి, ఎంత లీనమైందో ఒకటి నుంచి ఐదు వరకు వేస్తారు. ఒకటంటే చేతులు ఊరికే, చూపు ఎటో. మూడంటే ఏదో చేస్తోంది, పిలిస్తే వెంటనే తిరుగుతుంది. ఐదంటే పక్కన బాంబు పేలినా వినబడదు. ఒక సాయంత్రానికి ఆరుగురిని చూస్తే చాలు. ఎవరిని చూడాలో ముందే చీటీలు వేసుకోండి, లేకపోతే కన్ను చురుకైనవాళ్ళ మీదికే పోతుంది.

1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు పిల్లలు ఒంటరిగా, పక్కపక్కన, కలిసి ఆడే తీరులను ఆరు రకాలుగా విడదీసింది. ఇప్పటికీ వాడతారు. ఒక్క జాగ్రత్త: ఒంటరిగా ఆడటం తక్కువ మెట్టు అనుకోకండి. గోడ వార ఒక్కతే కూర్చుని ఇసకలో చిన్న కోవెల కట్టుకునే పిల్లకు ఆ రోజు కావలసింది అదే కావచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చిన కొలత మన ఆటల్లోనే ఉంది. ఆటలో అరటిపండు. చిన్నపిల్లలు ఏడుస్తారని పేరుకు చేర్చుకుంటారు కదా, వాళ్ళు అవుటైనా అవుట్ కాదు, దొంగా కాదు. ఒక ఐదేళ్ళవాడు అక్కతో పాటు ఏడు పెంకులాటకు వచ్చేవాడు, ఎప్పుడూ అరటిపండే. కొన్ని వారాల తర్వాత ఒకరోజు బంతి వాడి వీపుకు ఠప్పున తగిలింది. ఎవరూ పట్టించుకోలేదు. వాడే పోయి మెట్టు మీద కూర్చున్నాడు. అక్క పిలిచింది, "నువ్వు అరటిపండు రా, రా ఆడు!" వాడు కళ్ళనిండా నీళ్ళతో, "నేను అరటిపండు కాదు, అవుటు!" అన్నాడు. పెద్దపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుసటి ఆటకు వాణ్ణి పంటలు వేసేటప్పుడు చేతిలో చెయ్యి కలపనిచ్చారు.

దీన్ని మేము ఇలా రాశాం: తేదీ, సమయం, చోటు, ఎవరు ఏం చేశారు, ఏ మాట అన్నారు. అంతే. "పిల్లల్లో సామాజిక నైపుణ్యాలు పెరిగాయి" అని రాస్తే అది పరిశీలన కాదు, మన అభిప్రాయం. అభిప్రాయాన్ని వేరే గడిలో, తర్వాత రాయండి. వారానికి ఇలాంటి ముచ్చట్లు మూడు చాలు. నెలాఖరున అన్నీ ముందు పరుచుకుని ఈ ప్రశ్నలు వేసుకోండి:

- ఈ నెల ఎంతమంది అరటిపండ్లు నిజం ఆటగాళ్ళయ్యారు?
- నియమం ఎవరు పెట్టారు, ఎవరు మార్చారు? "తూచ్" అన్నప్పుడు ఎవరి మాట చెల్లింది?
- గొడవ వస్తే పెద్దవాళ్ళ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారు, తామే ఎన్నిసార్లు తేల్చుకున్నారు?

మూడో ప్రశ్నకు మొదటి నెలలో మాకు ఒళ్ళు హూనమైంది. ప్రతి తగువూ మా దగ్గరికే. "మీరే చూసుకోండి" అని శనక్కాయలు నమలడం నేర్చుకున్నాక ఆ లెక్క దానంతటదే తగ్గింది.

మెట్టు 6: పిల్లల్ని అడగండి, కానీ అలా కాదు

"ఆట బాగుందా?" అని అడిగితే "బాగుంది సార్" అని కోరస్. మనం ఏది వినాలనుకుంటున్నామో పిల్లలకు బాగా తెలుసు. నవ్వుమొహం, ఏడుపుమొహం బొమ్మల ఫారాలు ఇచ్చినా దాదాపు అందరూ నవ్వుమొహానికే టిక్కు పెడతారు.

దానికి బదులు ఒక్కొక్కరికి ఐదు చింతగింజలు ఇవ్వండి. టైర్లు, చీరలు, మట్టి, చెట్టు, ఖాళీ జాగా అని బొమ్మలు అతికించిన డబ్బాలు పెట్టి, ఇష్టమొచ్చినట్టు వేయమనండి. ఐదూ ఒకే డబ్బాలో వేసినా సరే. లేదా సుద్దముక్క ఇచ్చి నేల మీద తమ వీధిని గీయమనండి. ఎక్కడ ఆడతారు, ఎక్కడికి పోనివ్వరు, ఎక్కడ భయం, అన్నీ గీస్తూనే చెప్పేస్తారు. కుక్కలుండే మలుపు, తాగి కూర్చునేవాళ్ళ అరుగు మా మ్యాపుల్లోకి అలా వచ్చినవే.

ఒక్క ప్రశ్నే అడగనిస్తారంటే నేను ఇది అడుగుతాను: "ఇక్కడికి రాకపోయుంటే ఈపాటికి ఏం చేస్తుండేవాడివి?" ట్యూషన్, ఫోను, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, వేరే వీధిలో ఇదే ఆట. మీ ప్రాజెక్టు అసలు విలువ ఈ జవాబుల్లోనే ఉంటుంది.

మెట్టు 7: ఇళ్ళకు వెళ్ళండి

సాయంత్రం వెళితే సగం ఇళ్ళకు తాళాలు. ఎవరి షిఫ్టు ఎప్పుడో అవ్వలను అడిగితే చెబుతారు.

"మీ పాప రోజూ ఎంతసేపు ఫోను చూస్తుంది?" అంటే ఏ తల్లయినా తగ్గించే చెబుతుంది. "అక్కా, నిన్న బడి విడిచినాక పాప ఏమేం చేసింది?" అని గంటగంటకూ అడగండి. నిన్నటి సంగతి గుర్తుంటుంది, అందులో తీర్పు వినబడదు. రెండో ప్రశ్న: "తోడు లేకుండా పాపను ఎందాకా పంపిస్తావు, ఎన్నింటి దాకా?" సందు చివరి దాకా అన్న తల్లి ఏడాది తర్వాత బడి దాకా అంటే, ఐదింటి దాకా అన్నది ఆరింటి దాకా అంటే, అది మామూలు మార్పు కాదు. అడుగులూ నిమిషాలూ రాసుకోండి.

మెట్టు 8: దెబ్బల పుస్తకం

దెబ్బలను దాచకండి. మూడు గడులు చాలు: నీళ్ళతో కడిగి పంపినవి, మందు రాసినవి, ఆసుపత్రికి తీసుకెళ్ళినవి. మొదటి గడి నిండుగా ఉండి మూడోది ఖాళీగా ఉంటే పిల్లలు నిజంగానే ఆడుతున్నారని అర్థం. మొదటిది కూడా ఖాళీ అయితే మీరు మరీ కాపలా కాస్తున్నారేమో చూసుకోండి. వంద పిల్ల-గంటలకు ఎన్ని అని రాస్తే వేర్వేరు నెలలను పోల్చవచ్చు.

మెట్టు 9: పేర్లు, ఫోటోలు, అనుమతి

ముందు తల్లిదండ్రుల అనుమతి, తర్వాత పిల్లల ఇష్టం. రెండూ కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పరిశీలన కాగితాల మీద పేర్లు రాయకండి, మొహాలు కనబడే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. మాటల మధ్యలో ఏ పిల్లయినా తనకు ఎవరో హాని చేస్తున్నారని చెబితే, అది మీ రిపోర్టుకు ముచ్చట కాదు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు కాగితం పైనే రాసి పెట్టుకోండి. లైంగిక వేధింపు అని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత.

మెట్టు 10: లెక్కలు ఏం చెబుతున్నాయి, ఏం చెప్పడం లేదు

ప్రవర్తనను కొలిచే 25 అంశాల ఎస్‌డీక్యూ ప్రశ్నావళి లాంటివి ఉన్నాయి. మంచి పనిముట్లే. ముప్పైమంది పిల్లలున్న ప్రాజెక్టులో స్కోరు ఒకటి రెండు పాయింట్లు కదిలితే అది ఆట వల్లో, పరీక్షలు అయిపోయినందుకో ఎవరూ చెప్పలేరు. బరువులు తూచడమూ అంతే, పైగా లావుగా ఉన్న పిల్ల మరుసటి రోజు నుంచి రాదు. వందలమంది పిల్లలు, ఒక యూనివర్సిటీ తోడు ఉంటే తప్ప వీటి జోలికి పోకండి.

రానివాళ్ళ గురించి తప్పకుండా రాయండి. మూడుసార్లు వచ్చి మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడగండి. నచ్చి ఉండిపోయినవాళ్ళనే అడిగితే ఏ ప్రాజెక్టయినా బంగారమే. కొలతకయ్యే ఖర్చు మొత్తంలో పదో వంతు దాటకూడదని నా లెక్క. దాటితే ఆ డబ్బుతో ఇంకో సాయంత్రం తాళం తీయించవచ్చు.

రిపోర్టు రెండు పేజీలు చాలు: నాలుగు అంకెలు ముందూ తర్వాతా, పోలిక వీధి అంకెలు, మూడు ముచ్చట్లు, పనిచేయనివి. డబ్బు ఇచ్చినవాళ్ళ కన్నా ముందు పిల్లలకు చూపించండి. మేము సిమెంటు నేల మీద సుద్దతో రెండు కడ్డీలు గీశాం, మగపిల్లలకు పొడవైనది, ఆడపిల్లలకు అందులో సగం. ఎందుకిలా ఉందంటే మేము అనుకున్న కారణాలు చాలా ఉన్నాయి: ఇంటి పని, చీకటి, అమ్మానాన్నల భయం. పదేళ్ళ పాప ఒకతి కడ్డీ కొసన నిలబడి, "బాత్రూముకు తాళం ఉంటాది కదా అన్నా, మేము మధ్యలోనే ఇంటికి పోవాల" అంది. నిజమే, మా కాగితాల్లో ఐదున్నర చూపు తర్వాత ఆడపిల్లల టిక్కులు ఒక్కసారిగా పడిపోతున్నాయి. అవి రోజూ మా కళ్ళముందే ఉన్నాయి.

ఇప్పుడు ఆ తాళంచెవి శనక్కాయల అవ్వ దగ్గర ఉంటోంది. మళ్ళీ కొలిచేది వచ్చే జులైలో, అవే రెండు బుధవారాలు, రెండు ఆదివారాలు.